నలభై గింజల మూట

కార్వేటినగరం,
12 ఫిబ్రవరి 1944

చిరంజీవి సంపత్తుకు,

నీ అక్క వకుళ ముందు ఆశీర్వదించి, ఆ వెంటనే చీవాట్లు పెడుతూ రాస్తున్న ఉత్తరం. కోమలవల్లికి పురుడు పోసి, పదహారో రోజున నేను బస్సెక్కుతుంటే "వారానికో కార్డు రాస్తానక్కా" అన్నావు. నాలుగు వారాలకు రెండు కార్డులు వచ్చాయి. యుద్ధం వల్ల కాగితం కరువంటావేమో, మీ డాక్టరు గారి ఆసుపత్రిలో మందు పొట్లాలకు దొరికే కాగితం అక్కకు దొరకదా? కాంపౌండరు ఉద్యోగం చేస్తూ ఆమాత్రం చేతివాటం లేకపోతే ఎలా?

సరే. పిల్ల సాయంత్రం నాలుగు కొట్టేసరికి కాళ్ళు పొట్టలోకి ముడుచుకుని గుక్కపట్టి ఏడుస్తోందని రాశావు. పాలు తాగుతోందని, ఒళ్ళు వెచ్చబడలేదని కూడా రాశావు కనుక నాకు భయం లేదు. కానీ పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు పుట్టిన పిల్ల. నీకు భయం ఉంటుంది, నాకు తెలుసు.

బస్సు డ్రైవరు చిన్నబ్బ చేతికి ఒక సంచి ఇచ్చి పంపుతున్నాను. అందులో ఇరవై మూటలున్నాయి. ఒక్కొక్క మూటలో నలభై సోంపు గింజలు. మూటను కచ్చాపచ్చాగా నలిపి, గ్లాసెడు మరిగే నీళ్ళలో వేసి, మూత పెట్టి, గోరువెచ్చగా అయ్యాక వడకట్టి, మధ్యాహ్నం భోజనం అయిన తరువాత కోమలవల్లి తాగాలి. రోజుకు ఒక్క మూట. రెండో మూట విప్పకూడదు. తాగాక ఒంటి మీద దద్దురు లేచినా, దురద పెట్టినా మానేయాలి. పిల్లకు జ్వరం వచ్చినా, పాలు తాగకపోయినా, పచ్చగా విరేచనమైనా నా మూటలు గూట్లో పెట్టి డాక్టరు గారి దగ్గరికి పరుగెత్తు.

ఈ సోంపు ఆకుకూరలమ్మే గంగులమ్మ దొడ్లో వంకాయ మడి గట్టున పండింది. కొత్త గింజ, నోట్లో వేసుకుంటే తియ్యగా ఉంటుంది. మీ బావగారు బడికి వెళుతూ జేబులో పోసుకుని వెళుతున్నారు. పద్యం చెప్పే పంతులు నోట్లో ఏదో నములుతూ చెబితే పిల్లలకు వృత్తం ఏం తెలుస్తుంది?

పిల్లకు నా ముద్దులు.

నీ అక్క
వకుళాదేవి


చిత్తూరు,
17 ఫిబ్రవరి 1944

అక్కకు, తమ్ముడు సంపత్కుమార్ దణ్ణం పెట్టి రాసేది.

సంచి అందింది. పెట్రోలు కరువై చిన్నబ్బ బస్సు ఇప్పుడు బొగ్గుతో నడుస్తోంది కదా, మూటలన్నీ పొగచూరి వచ్చాయి. "ఏందప్పా ఇది, పైలంగా తీసకపోయి ఇయ్యమని మీ యక్క ఏడుసార్లు సెప్పె. లోపల బంగారమేమైనా ఉండాదా?" అని అడిగాడు. సోంపు అని చెప్పలేక, అవునన్నాను.

ఇరవై మూటలు, మూటకు నలభై. ఎనిమిది వందల గింజలు కూర్చుని లెక్కపెట్టావా అక్కా? మా దగ్గర కొలతకు గాజు గొట్టం ఉంది, దాని మీద గీతలున్నాయి, గీతలకు అంకెలున్నాయి. వేళ్ళతో వైద్యం చేసే రోజులు పోయాయి. సరదాకు ఒక మూట విప్పి లెక్కపెట్టాను. ముప్పై తొమ్మిదే ఉన్నాయి! ఇప్పుడు ఆ ఒక్క గింజ తక్కువైనందుకు రోగికి ఏమవుతుందో శాస్త్ర ప్రమాణంతో తెలియజేయగలవు.

హాస్యం చాలు. నెలల పిల్లకు కషాయాలు పోయమంటే నాకు మనసొప్పదు. పైగా గంగులమ్మ దొడ్డి నాకు తెలియనిదా? మేకలూ కోళ్ళూ అక్కడే తిరుగుతాయి. ఆ మట్టిలో రాలిన గింజ నా పిల్ల నోట్లోకి వెళ్ళడానికి వీల్లేదు. కోపం తెచ్చుకోకు. సంచిని గౌరవంగా దేవుడి గూటి పక్కనే పెట్టించాను.

ఏడుపు మాత్రం తగ్గలేదు. సాయంత్రం నేను ఆసుపత్రి నుంచి వస్తుంటే వీధి మలుపు నుంచే వినిపిస్తుంది. ఎత్తుకుని తిప్పుతాను, పాడతాను. నేను పాడితే ఇంకా ఎక్కువవుతోంది. ఇల్లంతా కలిసి ఏడుస్తున్నట్టుగా ఉంది అక్కా, ఏం చేయాలో తోచడం లేదు.

బావగారికి నమస్కారాలు.

సంపత్తు


కార్వేటినగరం,
21 ఫిబ్రవరి 1944

చిరంజీవి సంపత్తుకు,

నా ఉత్తరం చదివావా, వాసన చూసి పక్కన పెట్టావా? పిల్లకు పోయమని నేనెక్కడ రాశాను? తల్లికి అని రాశాను. పాలు తప్ప ఇంకేదీ ఎరగని పిల్ల నోట్లో నేను చుక్క నీళ్ళు కూడా పోయనివ్వను. తల్లి కడుపు తేలికగా ఉంటే ఆ పాలు తాగే పిల్లకూ తేలిక. కాంపౌండరువి, చీటీ మీద ఒకరి పేరుంటే ఇంకొకరికి మందు ఇస్తావా?

ఇంకో సంగతి. మీ పక్కింటావిడ కడుపుతో ఉందని మొన్నటి కార్డులో రాశావు. నా మూటలు చూసి తనకూ ఒకటి అడిగితే ఇవ్వవద్దు. తాలింపులో వాసనకు నాలుగు గింజలు వేసుకుంటే వేసుకోనీ, కషాయం కాచుకుని తాగకూడదు. ఇది నేను ఎవరికైనా చెప్పే మాట.

ఆ ముప్పై తొమ్మిది సంగతి: నలభయ్యో గింజ మీ బావగారి నోట్లో ఉంది. నేను పదే పదే లెక్కపెట్టి కుప్పలు పోస్తుంటే పక్కన కూర్చుని "చాలా బాగుందే" అంటూ ఒకటి తీశారు. చెయ్యి మీద కొట్టాను. ఎందుకు లెక్కపెడతానో నువ్వు అడగవద్దు, నేను చెప్పను.

నిన్న గంగులమ్మ తోటకూర తెచ్చింది. చూపు సరిగ్గా ఆనడం లేదు ఆమెకు, తడుముకుంటూ వస్తుంది. "సంపత్తయ్య బిడ్డ ఎట్లుండాది తల్లీ? ముక్కు ఎవరిదొచ్చింది?" అని అడిగింది. తండ్రిదే అన్నాను. ఎంత సంతోషపడిందో! "ఇంకో కట్ట ఉంచుకో తల్లీ" అని ఊరికే ఇచ్చి పోయింది. ఆమె దొడ్డి గురించి నువ్వు రాసిన ముక్క నేను బావగారికి కూడా చదివి వినిపించలేదు.

ఆశీస్సులతో,
వకుళ


చిత్తూరు,
25 ఫిబ్రవరి 1944, శుక్రవారం సాయంత్రం

అక్కా!

నమస్కారాలు తరువాత. ముందు విజయవార్త.

మా ఆసుపత్రిలో సోంపు తైలం ఉంది. చేదు మందులు రోగులు ఉమ్మేయకుండా వాసన కోసం సీసాకు రవ్వంత కలుపుతాం. నిన్న నాకు బుర్రలో మెరిసింది. సోంపే కదా మంచిది? దాని సారమంతా ఈ సీసాలో ఉండగా గింజలు నలపడం, మరిగించడం, వడకట్టడం ఎందుకు? ఇవాళ పెందలాడే ఇంటికి వచ్చి, నాలుగు గంటలకు పిల్ల గొంతు సవరించుకోగానే చెంచాడు పంచదార నీళ్ళలో ఒక్క చుక్క వేసి పోశాను. తల్లి ద్వారా చుట్టు తిరిగి వెళ్ళడం కంటే ఇది దగ్గర దారి కాదూ? పది నిమిషాలు. ఏడుపు బంద్! అరగంటయింది, నోరు విప్పలేదు. తొట్టెలో నిద్రపోతోంది. నేను పక్కనే కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఈ వేళప్పుడు నా ఇంట్లో గోడ గడియారం చప్పుడు వినిపించడం ఇదే మొదటిసారి.

నీకూ ఒక చిన్న సీసా పంపుతున్నాను. చిన్నబ్బ బస్సు అయిదింటికి బయలుదేరుతుంది, పరుగెత్తుకెళ్ళి ఇచ్చి, ఉత్తరం డబ్బాలో వేసి వస్తాను. ఇకమీదట గింజలు లెక్కపెట్టి కళ్ళు పోగొట్టుకోకు. ఒక్క చుక్క చాలు. మీ ఊరివాళ్ళకు కూడా చెప్పు, కాంపౌండరు సంపత్కుమార్ కనిపెట్టాడని.

నీ తెలివైన తమ్ముడు
సంపత్కుమార్


చిత్తూరు,
29 ఫిబ్రవరి 1944

(కార్డు)

అక్కకు నమస్కారాలు. ఇక్కడ కిరసనాయిలు బొత్తిగా దొరకడం లేదు. మామిళ్ళు ఈ ఏడు బాగా పూశాయి. డాక్టరు గారి తెల్ల గుర్రానికి కాలు బెణికింది, ఇప్పుడు నయం. బావగారి దగ్గు ఎలా ఉంది? అప్పుడే ఎండలు ముదిరాయి. పని ఒత్తిడిలో ఉన్నాను. ఉంటాను.

సంపత్తు


కార్వేటినగరం,
3 మార్చి 1944

చిరంజీవి సంపత్తుకు,

నీ సీసా పగలకుండా వచ్చింది. ఎంత చిన్న సీసా, ఎంత పెద్ద ఘుమఘుమ! మూత మీద నుంచే ఇల్లంతా వ్యాపించింది. బావగారు "మీ తమ్ముడు సామాన్యుడు కాదే" అని రెండుసార్లు అన్నారు. నిజమే, నేను ముసలిదాన్నవుతున్నాను, వేళ్ళతో లెక్కపెడుతూ కూర్చున్నాను. నువ్వు చదువుకున్నవాడివి.

మా ఎదురింటి నాగులమ్మ మనవడు నెలవాడు, మీ పిల్లలాగే సాయంత్రమైతే ఊరు లేపుతున్నాడు. నీ ఉత్తరం చదివి వినిపించాను. "మీ తమ్ముడు సల్లగా ఉండాల. ఆ సుక్క మా వాడికీ ఎయ్యమ్మా" అని ఒకటే పోరు. వచ్చే బుధవారం వాడికి తలంటు పోసి, సాయంత్రం నా చేత్తోనే వేస్తానని మాటిచ్చాను. వాడు కాస్త బొద్దుగా ఉంటాడు, రెండు చుక్కలు వేయనా?

ఆశీస్సులతో,
వకుళ


తంతి
చిత్తూరు, 6 మార్చి 1944 (ఇంగ్లీషు తంతికి తెలుగు)

తైలం ఎవరికీ ఇవ్వవద్దు. ప్రమాదం. పిల్ల క్షేమం. వివరంగా రాస్తున్నాను. సంపత్కుమార్


చిత్తూరు,
6 మార్చి 1944

అక్కా,

తంతి అంది ఉంటుంది. అందకపోతే ఈ ఉత్తరమైనా బుధవారం లోపల నీ చేతికి చేరాలని వెంకటేశ్వరస్వామికి మొక్కుకుని రాస్తున్నాను. ఒక్క చుక్క కూడా వద్దు. సీసాను ఎవరి చేతికీ అందకుండా దాచు.

ఆ రోజు నేను ఉత్తరం డబ్బాలో వేసి, ఈల వేసుకుంటూ ఇంటికి వచ్చేసరికి కోమలవల్లి గుమ్మంలో పిల్లను భుజాన వేసుకుని నిలబడి ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. నేను వెళ్ళిన కాసేపటికి పిల్ల కక్కిందట. తరువాత చేతులూ కాళ్ళూ వేలాడేసింది, రొమ్ము నోట్లో పెడితే పట్టలేదు. అది నిద్ర కాదక్కా. నేను విజయమని రాసింది ఆ మత్తు గురించే.

పిల్లను ఎత్తుకుని చెప్పుల్లేకుండా డాక్టరు గారి ఇంటికి పరుగెత్తాను. ఏం ఇచ్చావని అడిగారు. చెప్పాక ఆయన నన్ను తిట్టలేదు, దానికే ఎక్కువ భయమేసింది. మూడు గంటలు పిల్ల పక్కనే కూర్చుని ఊపిరి చూస్తూ ఉన్నారు. చివరికి పిల్ల కదిలి, నోరు తెరిచి, ఊరంతా వినిపించేలా ఏడ్చింది.

అప్పుడు తిట్టారు. "గుప్పెళ్ళకు గుప్పెళ్ళు గింజలు బట్టీలో ఆవిరి పట్టి దించితే కాస్త నూనె వస్తుందయ్యా. వాసన ఒకటేనని మందూ ఒకటే అనుకున్నావా? ఇదేనా నా దగ్గర నేర్చుకున్నది?" అన్నారు. నీ మొదటి ఉత్తరం తెమ్మని చదివారు. "మీ అక్క రాసినదాంట్లో నేను కొట్టేయాల్సిన ముక్క ఒక్కటీ లేదు. ఉద్యోగం ఆమెకివ్వాల్సింది" అన్నారు. ఈ ఏడుపు మూడో నెల నిండాక చాలామంది పిల్లలకు దానంతటదే తగ్గుతుందట, అంతవరకు భుజం మీద వేసుకుని తిప్పడమే మందట.

ఇంకొకటి. ఇంటికొచ్చి సంచి దించితే పన్నెండు మూటలే ఉన్నాయి. కోమలవల్లి నాకు చెప్పకుండా మొదటి నుంచీ రోజుకొకటి తాగుతోంది. "మీరు లెక్కలు చూస్తారుగానీ ఉత్తరాలు చూడరు" అంది.

ఇదంతా నీకు రాయలేక కిరసనాయిలు గురించి రాశాను. సీసా సంగతి గుర్తున్నా, నువ్వు బయటి మందు ముట్టవులే అని నాకు నేనే చెప్పుకున్నాను. నీ ఉత్తరంలో "రెండు చుక్కలు వేయనా" అన్న మాట చదివి తంతి ఆఫీసుకు ఎలా వెళ్ళానో నాకే తెలియదు. నన్ను తిట్టు అక్కా. తిట్టకుండా మాత్రం ఉండకు.

సంపత్తు


కార్వేటినగరం,
9 మార్చి 1944

చిరంజీవి సంపత్తుకు,

తిట్టమన్నావు కనుక తిడతాను, కానీ ముందు నీ తంతి వల్ల ఇక్కడ ఏం జరిగిందో విను.

సోమవారం ఎండ తగ్గే వేళకు పుత్తూరు నుంచి తంతి మనిషి సైకిలు మీద వచ్చాడు. మా వీధికి తంతి వచ్చిందంటే ఎవరో పోయారని అర్థం. పైగా అది ఇంగ్లీషులో ఉంటుంది, బావగారు ఇంకా బడి నుంచి రాలేదు. నాగులమ్మ కవరు చూడగానే "అమ్మయ్యో, సిత్తూరు నించి తంతి వచ్చిండాది! ఎంత పని జరిగిపోయె దేవుడా!" అని గుమ్మంలో కూలబడింది. దాంతో వీధంతా మా వాకిట్లోనే. నేను నేరుగా బావి దగ్గరికి నడిచి, కట్టుబట్టలతో మూడు చేదలు నెత్తిన పోసుకున్నాను. నాగులమ్మా పోసుకుంది. తంతి మనిషి సంతకం కోసం కాగితం పట్టుకుని, తడిసిన చేత్తో ఎలా పెడతానా అని చూస్తున్నాడు.

బావగారు వచ్చి, కళ్ళజోడు తుడుచుకుని, మెల్లగా చదివి, "పిల్ల క్షేమం అని ఉందే. మీరంతా ఎందుకు తడిశారు?" అన్నారు. నాగులమ్మ లేచి, "బాగున్నోళ్ళకు తంతి యాడన్నా ఇస్తారా?" అని నిన్ను తిట్టింది. ఆ తిట్లు రాయడానికి ఈ కాగితం చాలదు.

ఇది నాకు తగిన శాస్తే, ఎందుకంటే తప్పు నాది కూడా. నీ సీసా మూత నేను తీయనే లేదు. నాగులమ్మకు ఏ మాటా ఇవ్వలేదు. నీ కార్డులో కిరసనాయిలు ఉంది, మామిడి పూత ఉంది, గుర్రం కాలు ఉంది, పిల్ల లేదు. రెండు నెలల పిల్ల ఉన్న తండ్రి గుర్రం గురించి రాస్తాడా? ఏదో జరిగిందని, నువ్వు దాస్తున్నావని తెలిసింది. అడిగితే చెప్పవు. అందుకే రెండు చుక్కలని రాశాను. ఉత్తరం వస్తుందనుకున్నాను, తంతి పంపుతావని అనుకోలేదు.

ఇక నీకు తిట్లు. ఉత్తరం సగం చదివి నీకు నువ్వే వైద్యుడివైపోయావు. కానీ సంపత్తూ, ఈ తప్పు చేసినవాళ్ళలో నువ్వు మొదటివాడివి కాదు. ఎందుకు లెక్కపెడతానో చెప్పనన్నాను కదా, ఇప్పుడు చెబుతాను. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

నాకు పదమూడేళ్ళు. నీకు రెండో నెల. అమ్మ బాలింత జ్వరంతో మంచం పట్టింది, ఒంటి మీద తెలివి లేదు. నాయన గుడి కైంకర్యానికి వెళ్ళేవారు. నువ్వు ఏడుస్తూనే ఉన్నావు. సోంపు నీళ్ళు మంచివని ఎవరో అనగా విన్నాను. కొంచెం మంచిదైతే ఎక్కువ ఇంకా మంచిది కదా అనుకుని, గుప్పెడు గింజలు వేసి చిక్కగా కాచి ఉగ్గుగిన్నెతో పట్టాను. నువ్వు కక్కి, చేతులు వేలాడేశావు. నేను నిన్ను ఎత్తుకుని పెరట్లోకి పరుగెత్తాను.

పెరట్లో పేడ ఎత్తడానికి వచ్చిన గంగులమ్మ నా ముఖం చూసి, చేతులు కడుక్కుని, అడగకుండా నిన్ను తీసుకుంది. పశువుల కొట్టంలో కూర్చుని నిన్ను గుండెకు ఆనించి వెచ్చగా పెట్టుకుంది. ఆమెకు చంటిబిడ్డ ఉన్నాడు. నీకు ఊపిరి సరిగ్గా ఆడాక తన పాలు చుక్క చుక్కగా నీ పెదవుల మీద పిండింది. చీకటి పడేలోపు నువ్వు పట్టి తాగావు. అమ్మ లేచే దాకా, ఇరవై రోజులు, నాయన గుడికి వెళ్ళగానే నేను నిన్ను కొట్టంలోకి తీసుకెళ్ళేదాన్ని. మన మడీ ఆచారమూ తెలిసి కూడా ఆమె భయపడలేదు. నాయనకు తెలిస్తే ఆమెను ఊళ్ళో ఉండనిచ్చేవారా?

గంగులమ్మ నన్ను తిట్టలేదు. "గింజ మంచిదే తల్లీ. నీ గుప్పెడే పెద్దది. ఇంగ మీద ఎప్పుడిచ్చినా పెద్దోళ్ళకే ఇయ్యి, లెక్కపెట్టి ఇయ్యి" అంది. ఆ రోజు నుంచి లెక్కపెడుతున్నాను. ఆమె ఆ దొడ్లో సోంపు వేసేది నా కోసమే. నువ్వు మేకలూ కోళ్ళూ అని రాసినప్పుడు నాకు ఎంత కోపం వచ్చిందో, ఎంత ఏడుపొచ్చిందో ఇప్పుడు తెలిసిందా?

ఆమె ఎవరికీ చెప్పలేదు. ముక్కు ఎవరిదొచ్చిందని మాత్రం అడిగింది.

నీ అక్క
వకుళ


చిత్తూరు,
13 మార్చి 1944

అక్కా,

నీ ఉత్తరం చివరి దాకా చదివాను. ఈసారి రెండుసార్లు చదివాను. తరువాత కోమలవల్లి చేతికిచ్చాను, ఆమే చదువుకుంది.

శనివారం చిన్నబ్బ బస్సులో ముగ్గురం వస్తున్నాం. పొగ తగలకుండా పిల్లకు ముందు సీటు ఉంచుతానన్నాడు. "ఈతూరి నిజంగానే బంగారం తీసకపోతాండావు కదప్పా" అన్నాడు. పిల్లను మొదట గుడికి తీసుకెళ్ళాలని నువ్వు అంటావు. గుడికి ఆదివారం వెళదాం. బస్సు దిగగానే నేను గంగులమ్మ దొడ్డికి వెళతాను. పిల్లను ఆమె ఒళ్ళో పెడతాను. చూపు ఆనదన్నావు కదా, ముక్కు ఎవరిదో తడిమి చూసుకోనీ. నాకూ అదే ముక్కు ఉంది, దాన్నీ తడుముతుంది. ఆమెను ఏమని పిలవాలో ఆలోచిస్తున్నాను. అమ్మా అని తప్ప ఇంకో మాట నోటికి రావడం లేదు. నాయన ఉంటే ఏమనేవారో తెలియదు, నేను మాత్రం అలాగే పిలుస్తాను.

నాగులమ్మను క్షమాపణ అడుగుతానని చెప్పు. ఆ తిట్లు నేరుగా వింటాను.

పిల్ల పాలు పట్టని ఆ రోజు నుంచి ఆపి ఉంచిన మూటల్లో ఒకటి ఈ మధ్యాహ్నం కోమలవల్లికి నేనే విప్పాను. విప్పి, పళ్ళెంలో పోసి, వేలితో ఒక్కొక్కటీ పక్కకు జరుపుతూ లెక్కపెట్టాను. ముప్పై ఒకటి దాకా వచ్చి కళ్ళు మసకబారి లెక్క తప్పాను. ముఖం తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను.

సరిగ్గా నలభై ఉన్నాయి అక్కా.

నీ తమ్ముడు
సంపత్తు